అంచు జారిన అద్దం: ఆరంగుళాల టెలిస్కోపు డైరీ

ఫిబ్రవరి 23

టెలిస్కోపుకి అద్దం నేనే రుద్దుకుంటున్నాను. గరుకు పని అయిపోయింది. 80వ నంబరు కార్బొరండంతో (గాజుని అరగదీసే పొడి, నంబరు పెరిగేకొద్దీ మెత్తన) మొదలుపెట్టి 120, 220, 320, 400, 600 దాటి, చివరికి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అల్యూమినా పొడి దాకా వచ్చాను. ఆరంగుళాల బిళ్ళ, 19 మిల్లీమీటర్ల మందం, మామూలు ఫ్లోట్ గాజు. ఫోకల్ పొడవు, అంటే దూరపు వెలుగు కూడుకునే దూరం, 1200 మిల్లీమీటర్లు కావాలనుకున్నాను కాబట్టి వంపు వ్యాసార్ధం దానికి రెట్టింపు, 2400. ఆ లెక్కన నడిమధ్య గుంట లోతు 1.17 మిల్లీమీటర్లు. ఇంతా చేసి ఒక మిల్లీమీటరు గుంట! అద్దం మీద స్కేలు అడ్డంగా పెట్టి, కింద 1.2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ కాడ దూర్చి చూసుకుంటూ వచ్చాను. కాడ బిగుతుగా దూరిన రోజున 80వ నంబరు డబ్బాని ఇంట్లోంచే పంపేశాను. దాంట్లోది ఒక్క రేణువు తర్వాతి దశలోకి వచ్చినా గీత ఖాయం.

పంపేసినా పడింది. 400 మీద ఉండగా వేలెడంత గీత. పక్కింటి స్లాబు పని ఇసుకో, నా కొంగుకి అంటిన పాత పొడో తెలీదు. మళ్ళీ 220కి వెళ్ళి, అక్కణ్ణుంచి అన్నీ తిరిగి చేసుకుంటూ రావాల్సొచ్చింది. వారం పోయింది. అప్పటినుంచి పని మేడ మీంచి వెనక గదిలోకి మారింది. ఈ పనికని ఒక పాత నైటీ కూడా విడిగా పెట్టాను, అది గది దాటి బయటికి రాదు.

పద్ధతి చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. ఇసుక నింపిన డ్రమ్ము మీద టూల్, అంటే అదే సైజు రెండో గాజు బిళ్ళ. దాని మీద పొడి, నీళ్ళు. పైన అద్దం బోర్లించి ముందుకీ వెనక్కీ తొయ్యాలి, అద్దాన్ని చేతిలో కాస్త కాస్త తిప్పుతుండాలి, మనం డ్రమ్ము చుట్టూ తిరుగుతుండాలి. పై బిళ్ళ సగం బయటికి వెళ్ళినప్పుడు బరువంతా దాని మధ్యభాగం మీదా, కింది బిళ్ళ అంచు మీదా పడుతుంది. అందుకే పైది గుంట పడుతుంది, కిందిది ఉబ్బుతుంది. ఎటు తిప్పినా, ఎటు జరిపినా ఒకదానికొకటి అతుక్కునే ఉండే ఆకారం గోళం ఒక్కటే. కాబట్టి గోళం దానంతటదే వస్తుంది. మన పనల్లా అడ్డం పడకుండా ఉండడం.

"నవగ్రహాలకు గూడ ఇన్ని ప్రదక్షిణలు చేయలె నేను" అంటుంది అత్తమ్మ. కానీ ఈ పనిలో నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. నల్గొండ దగ్గర ఊళ్ళో నలభై ఏళ్ళు రోట్లో రుబ్బిన చెయ్యి. పక్క గదిలో మంచం మీద పడుకునే, "సప్పుడు మారింది, ఎండింది, నీళ్ళు సల్లు" అని కేకేస్తుంది. వెళ్ళి చూస్తే నిజంగానే పొడి ఆరిపోయి ఉంటుంది. పొడి కొత్తగా ఉన్నప్పుడు గరగరమంటుంది, అరిగిపోయాక సుయ్యిమంటుంది, ఆ తర్వాత ఇక శబ్దమే ఉండదు. నేను ఇదంతా రెండు నెలలు రాసుకుని నేర్చుకున్నాను.

ఈ రోజు పాట్ మార్కెట్‌లో కొన్న కంసాలి భూతద్దంతో అంచు నుంచి అంచుకి వెతికాను. పెద్ద గుంటలేమీ లేవు. తడిపి ఎండలో పెడితే గోడ మీద సూర్యుడి బొమ్మ 1210 మిల్లీమీటర్ల దగ్గర పడింది. పది అటూ ఇటూ అయితే ఇబ్బంది లేదు.

మార్చి 9

పాలిష్‌కి పిచ్ కావాలి, టూల్ మీద పోసుకునే బంక లాంటిది. తయారుచేసినది తెప్పించుకోవచ్చు గానీ, మన ఎండలకి దాని గట్టిదనం సరిపోతుందో లేదో అని నేనే కాచుకుందామనుకున్నాను. బేగంబజార్‌లో "రోజిన్" అంటే ఎవరికీ అర్థం కాలేదు. "గంధ బిరోజా" అన్నాక మూడో దుకాణంలో దొరికింది, తేనెరంగులో కలకండ గడ్డల్లా. అరకిలో బిరోజాకి ఐదు టీచెంచాల ఆముదం. మేడ మీద కరెంటు కాయిల్ పొయ్యి పెట్టి కాచాను. ఈ ఆవిరి అంటుకుంటుంది కాబట్టి గ్యాసు మంట జోలికి పోకూడదు. వాసన మాత్రం వీధంతా గుగ్గిలం ధూపం వేసినట్టే వచ్చింది. కింది వాటాలో వాళ్ళు ఏం పూజ అని అడిగారు.

గట్టిదనం చూడ్డానికి గోరు చాలు. చుక్క తీసి గది వేడిలో ఉన్న నీళ్ళలో పది నిమిషాలుంచి, బొటనవేలి గోరు నొక్కిపట్టాలి. పది సెకన్లకి సన్నని నొక్కు పడితే సరి. వెంటనే పడితే మెత్తన, పెటుక్కుమని పెచ్చు లేస్తే గట్టి.

టూల్ చుట్టూ టేపుతో గట్టు కట్టి ఆరు మిల్లీమీటర్ల మందాన పోశాను. చపాతీ పిండిలా అయ్యాక, సీరియం ఆక్సైడ్ (పాలిష్ పొడి) నీళ్ళు పూసిన అద్దాన్ని దాని మీద నొక్కాను. వంపు అచ్చు దిగింది. తర్వాత నీళ్ళలో ముంచి బ్లేడుతో గళ్ళు కోశాను, ఒక్కోటి 20 మిల్లీమీటర్లు. గళ్ళ మధ్య బిందువు టూల్ మధ్య బిందువు మీద పడకుండా కాస్త పక్కకి జరపాలి, లేకపోతే అద్దం మీద గుండ్రటి గట్లు తేలతాయి. చివర్లో పాత దోమతెర ముక్క మధ్యలో వేసి నొక్కితే ప్రతి గడి మీదా చిన్న చిన్న చదరాలు పడ్డాయి, పొడి నిలవడానికి.

ఏప్రిల్ 13

పాలిష్ మొత్తం 7 గంటల 40 నిమిషాలు. పొలానికి పెట్టినట్టే తడులు. ఒక్కో తడి పది నిమిషాలు, రోజుకి మూడు నాలుగు తడులు, బడి నుంచి వచ్చాక. సీరియం ఆక్సైడ్ లేత ఇటుకరంగు పొడి. గాజుని ఉత్తినే గీకడమే కాదు, నీటి సాయంతో పైపొరతో రసాయనికంగా కూడా పనిచేస్తుంది. మూడో రోజుకే మధ్యలో మొహం కనిపించింది. అంచు మాత్రం చాలా రోజులు మసకగానే ఉండిపోయింది. ఎర్ర లేజరు చుక్క వేసి చూస్తే మధ్యలో చుక్క కనబడదు, అంచు దగ్గర మెరుస్తుంది. మెరిసిందంటే గుంటలు ఇంకా ఉన్నట్టే.

ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ ఒక లోహపు అద్దాన్ని 16 గంటలపాటు చెయ్యి తియ్యకుండా పాలిష్ చేస్తుంటే, చెల్లెలు కరోలిన్ పక్కన నిలబడి నోట్లో ముద్దలు పెట్టిందట. ఇదే మా ఇంట్లో చెప్తే, అత్తమ్మ "చేతులు కడుక్కొని రా" అంది.

ఏప్రిల్ 27

ఈ రాత్రి మొదటిసారి ఫూకో పరీక్ష.

1858లో లియాన్ ఫూకో చెప్పిన ఈ పరీక్షకి ఒక ఎల్‌ఈడీ, ఒక బ్లేడు, ముందుకీ వెనక్కీ జరిగే చిన్న బండి చాలు. బండికి రాణీగంజ్‌లో కొన్న డయల్ గేజి బిగించాను, మిల్లీమీటరులో వందో వంతు చూపిస్తుంది. అద్దం హాలు చివర స్టాండు మీద, నేను 2400 మిల్లీమీటర్లు ఇవతల వంటింటి గుమ్మంలో స్టూలు మీద. సన్నని చీలికలోంచి వెలుగు వెళ్ళి, అద్దం మీద పడి, మళ్ళీ చీలిక పక్కకే వచ్చి కూడుకుంటుంది. ఆ కూడుకునే చోట బ్లేడుని అడ్డం తెస్తూ అద్దం వైపు చూడాలి. గోళం సరిగ్గా ఉంటే అద్దమంతా ఒక్కసారిగా బూడిదరంగులోకి మాసిపోతుంది. లేకపోతే మట్టిగోడ మీద ఏటవాలుగా ఎండ పడ్డప్పుడు గుంటలూ ఉబ్బులూ బయటపడ్డట్టు అన్నీ కనిపిస్తాయి. మైక్రాన్‌లో ఇరవయ్యో వంతు తేడా కూడా కొండలా కనబడుతుంది.

మొదట కనిపించింది అద్దం కాదు, గాలి. ఫ్యాను ఆపి అరగంటైనా పొగలు తేలుతున్నట్టు నీడలు. వంటింట్లో పాలగిన్నె ఇంకా వేడిగా ఉంది. దాన్ని బయట పెట్టించాను.

మావాడు (తొమ్మిదో తరగతి) అద్దం మీద బొటనవేలు పది సెకన్లు ఆనించి తీశాడు. నేను ఇటునుంచి చూస్తుండగానే వేలు పెట్టిన చోట గుట్ట ఒకటి లేచి నిలబడింది. వాడి ఒంటి వేడికి గాజు ఉబ్బింది, అంతే. పరుగున వచ్చి వాడూ చూశాడు. ఐదారు నిమిషాలకి గుట్ట కరిగి చదునైంది. ఫ్లోట్ గాజు బోరోసిలికేట్ కంటే దాదాపు మూడింతలు ఎక్కువ వ్యాకోచిస్తుందని పుస్తకంలో చదివినప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు కళ్ళారా చూశాను.

ఆ తర్వాత అద్దం సంగతి. మధ్యలో చిన్న గుట్ట, అది పోతుంది. కానీ చుట్టూ అంచులో ఐదారు మిల్లీమీటర్ల మేర వెలుగు పట్టీ. బ్లేడు ఎంత తెచ్చినా ఒకవైపు అది ఆరడం లేదు.

అంచు జారింది.

మే 4

ఎందుకు జారిందో తెలుసుకోడానికి వారం పట్టింది. తెలిశాక సిగ్గేసింది. మార్చి 9న గది వేడికి తగ్గట్టు పిచ్ కాచాను. అప్పుడు గదిలో 29 డిగ్రీలు. ఏప్రిల్‌లో సాయంత్రం ఐదింటికి అదే గదిలో 36. బడి నుంచి వచ్చాక చేస్తున్నానుగా, రోజులో గది బాగా వేడెక్కి ఉండే వేళ! పిచ్ మెత్తబడి గళ్ళ మధ్య కాలువలు పూడుకుపోతున్నాయి, నేను మళ్ళీ కోస్తున్నాను, అదేదో మామూలే అనుకుంటున్నాను. మెత్తని పిచ్ అద్దం బరువుకి కుంగి అంచు దగ్గర పైకి పొంగుతుంది. పొంగినది అంచుని ఒరుసుకుని కిందికి దించేస్తుంది. లోపల జరుగుతున్నదంతా కాలువలు చెప్తూనే ఉన్నాయి, వినిపించుకోలేదు.

అంచు జారడంలో బాధ ఏమిటంటే దాన్ని పైకి లేపలేం. గాజు తీసేయడమే గానీ పెట్టడం లేదు. మిగతా అద్దం మొత్తాన్నీ ఆ అంచు మట్టానికి దించాలి. ఆరు మిల్లీమీటర్ల పట్టీ కోసం 150 మిల్లీమీటర్ల బిళ్ళంతా. అంచుకి నల్లరంగు పూసేసి 138 మిల్లీమీటర్ల అద్దం అనుకుని వదిలెయ్యమని మా ఆయన సలహా. పనికొచ్చే సలహానే. అందుకే కోపమొచ్చింది.

మే 18

కొత్త పిచ్. ఈసారి అరకిలోకి ఆముదం రెండున్నర చెంచాలే. వేళ కూడా మార్చాను. తెల్లవారుజాము నాలుగున్నర నుంచి ఆరు దాకా, గదిలో 29. బడికి సెలవులు కాబట్టి సరిపోయింది. పని అయ్యాక ల్యాప్‌ని, అంటే పిచ్ పోసిన టూల్‌ని, మట్టి రంజన్‌లో నీళ్ళకింద పెట్టడం. తాగే నీళ్ళ రంజన్ అలా పోయినందుకు అత్తమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు బజారు నుంచి కొత్తది తెప్పించి, "ఇది ముట్టుకోకు" అంది.

ఇప్పుడు టూల్ పైన, అద్దం కింద. తోపు చిన్నది, వ్యాసంలో పావు వంతు. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు అద్దాన్నీ ల్యాప్‌నీ కలిపి బరువు పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయాలి, ఒకదాని ఆకారం ఒకటి పట్టుకునేదాకా. గట్టి పిచ్‌తో సులువుగా సన్నగీతలు పడతాయన్నారు. రెండు పడ్డాయి, వెంట్రుకంత. వాటిని వదిలేశాను. గీత వెలుగుని కాస్త చెదరగొడుతుందే తప్ప బొమ్మని చెడగొట్టదు. జారిన అంచు చెడగొడుతుంది.

జూన్ 1

ఈ రోజు అద్దం ముట్టుకోలేదు. ఫిసల్‌బండ వైపు పని మీద వెళ్ళాను, మా చంపాపేటకి దగ్గరే. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో తన సొంత వేధశాల మొదలుపెట్టింది అక్కడే. 15 అంగుళాల గ్రబ్ కంపెనీ టెలిస్కోపు సీమనుంచి తెప్పించాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుని బేగంపేటకి మార్చింది. నిజామియా అబ్జర్వేటరీ అంటే అదే. ఖగోళ శాస్త్రవేత్త వేణు బాప్పు వాళ్ళ నాన్న పనిచేసిందీ అక్కడే, పిల్లవాడు పెరిగిందీ ఈ ఊళ్ళోనే. ఫిసల్‌బండ అంటే జారుడు బండ. పాలిష్ చేసుకునేదానికి ఇంతకంటే మంచి పొరుగు దొరకదు. నవాబుగారు కొనుక్కున్నారు, నేను రుద్దుకుంటున్నాను.

జూన్ 29

వానలు పట్టాయి, గది 27కి దిగింది, పిచ్ మళ్ళీ మొండికేసింది. ఆముదం ఒక చెంచా కలిపి మళ్ళీ పోశాను. మూడో ల్యాప్.

కొత్త లెక్కన 5 గంటల 20 నిమిషాలు అయ్యాక, రాత్రి పదకొండింటికి పరీక్ష. బ్లేడు తెచ్చాను. అద్దం మొత్తం పౌర్ణమినాడు మబ్బు కప్పినట్టు ఒకేలా మాసింది. మళ్ళీ తీసి మళ్ళీ తెచ్చాను. అంచున వెలుగు దారప్పోగంత, అదీ చుట్టూ సమానంగా. అది అంచు దగ్గర వంగే వెలుగు, ఉండాల్సిందే. గోళం వచ్చింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 3

గోళం నుంచి పరావలయానికి. సమాంతరంగా వచ్చే నక్షత్రకాంతిని గోళం ఒకే బిందువుకి చేర్చలేదు. మధ్యని కొంచెం లోతు చెయ్యాలి. ఎంత? నా అద్దానికి రెండు ఆకారాలకీ తేడా మైక్రాన్‌లో పావు వంతుకి కాస్త పైన, 0.29. తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు అనుకుంటే దాంట్లో 240వ వంతు. నిజానికి ఎఫ్/8 (ఫోకల్ పొడవు వ్యాసానికి ఎనిమిది రెట్లు) ఆరంగుళాల అద్దాన్ని గోళంగానే వదిలేసినా కాంతి తరంగంలో పావు వంతు తప్పు దగ్గర ఆగుతుంది, గ్రహాలు బాగానే కనిపిస్తాయి. అంచు జారినప్పుడు అంత చేశాక ఇక్కడ ఆగబుద్ధి కాలేదు.

అద్దం పైన, తోపు పొడవు, పక్కకి డబ్ల్యూ ఆకారంలో ఊపుతూ. ఆరే నిమిషాలు. తర్వాత గంటన్నర ఎదురుచూపు, చేతుల వేడి గాజులోంచి పోవాలి కదా. అట్టముక్కలో నాలుగు జతల కిటికీలు కోసి అద్దం ముందు పెట్టాను, మధ్య నుంచి 22, 42, 57, 70 మిల్లీమీటర్ల దూరాల్లో. ఒక్కో జత కిటికీలు ఒకేసారి మాసేలా బండిని జరిపి డయల్ చూడాలి. దీపం, బ్లేడు రెండూ ఒకే బండి మీద ఉన్నాయి కాబట్టి దూరం వర్గాన్ని 4800తో భాగిస్తే రావాల్సిన అంకె వస్తుంది. మొదటి కిటికీకీ చివరి కిటికీకీ తేడా 0.92 మిల్లీమీటర్లు ఉండాలి.

వచ్చింది 0.55. ఇంకో నాలుగు నిమిషాలు.

ఆగస్టు 10

0.78. అప్పుడు ఆగి ఉంటే బాగుండేది. ఇంకో ఐదు నిమిషాలు చేశాను. 1.15. మధ్య మరీ లోతైపోయింది.

ఆగస్టు 17

మొన్నటి 1.15ని నమ్మబుద్ధి కాక మళ్ళీ కొలిచాను. 1.08. ఇంకోసారి 1.19. అద్దం ఒకటే, అంకెలు మూడు. చూస్తే బండి స్క్రూలో వదులు ఉంది, ముందుకి తిప్పినప్పుడు ఒకలా, వెనక్కి తిప్పినప్పుడు ఒకలా. హబుల్ టెలిస్కోపు అద్దం కూడా ఇలాగే. 1990లో పైకి వెళ్ళాక తెలిసింది, అంచు 2.2 మైక్రాన్లు ఎక్కువ అరిగిందని. రుద్దడంలో పొరపాటు లేదు, కొలిచే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట ఉంది. రుద్దినవాళ్ళు ఆ పరికరం చెప్పినట్టే బుద్ధిగా రుద్దారు. నేను ఒక రబ్బరు బ్యాండు వేసి స్క్రూని ఒకవైపుకి లాగి కట్టాను. ఇక ఎటు తిప్పినా ఒకే అంకె, 1.12. కాబట్టి తప్పు నిజమే, కాస్త చిన్నది.

చిన్న తోపులతో, అద్దం కింద పెట్టి, మూడు నిమిషాలకోసారి ఆపుతూ వెనక్కి తెచ్చాను. ఆదివారం మొత్తం కలిపి పన్నెండు నిమిషాల పని, ఏడు గంటల కూర్చోవడం. కూర్చున్న గంటల్లో పదోతరగతి యూనిట్ పరీక్ష పేపర్లు దిద్దేశాను.

ఆగస్టు 31

మొదటి కిటికీతో మిగతా మూడింటికీ తేడాలు. రావాల్సినవి: 0.27, 0.58, 0.92. వచ్చినవి: 0.25, 0.60, 0.90. మూడు రాత్రులు, మూడుసార్లు చొప్పున, వందో వంతులో రెండుకి మించి తేడా లేదు. మావాడు విడిగా చదివి రాసిన అంకెలు కూడా కలిశాయి. నా అంకెలు చూడనివ్వలేదు వాణ్ణి.

పిచ్ గీకి డబ్బాలో పెట్టాను. పారెయ్యలేదు.

సెప్టెంబర్ 7

ఇంకా వెండిపూతో అల్యూమినియం పూతో పడలేదు. ఉత్తి గాజు నూటికి నాలుగు వంతుల వెలుగే తిప్పిపంపుతుంది. చంద్రుడికి ఆ నాలుగు చాలు, పైగా కళ్ళు చెదరవు. ప్లైవుడ్ పెట్టెలో అద్దం పెట్టి, కొన్న వాలు అద్దం, 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) బిగించి మేడెక్కించాం. తొమ్మిది దాకా మబ్బు. తర్వాత ఒక పావుగంట సందు దొరికింది.

అత్తమ్మకి స్టూలు వేసి చూపించాను. కాసేపు ఏమీ అనలేదు. గుంటల అంచులు నల్లగా, కోసినట్టు ఉన్నాయి. వాటి వైపు చూస్తోందనుకున్నాను. "ఉరుకుతున్నడు, ఉరుకుతున్నడు, నిలవెట్టు!" అంది. భూమి తిరుగుతుంటే చంద్రుడు ఐపీస్‌లోంచి పక్కకి జారిపోతున్నాడు. పెట్టెని ఒక్క వేలుతో నెట్టి మళ్ళీ మధ్యకి తెచ్చాను.

రేపు పూతకి పంపాలి. అంచు నైసుగా ఉందో లేదో వేలితో ఒక్కసారి తడిమి (పక్క నుంచి, మొహం మీద కాదు), పాత నూలు చీర ముక్కలో చుట్టి, మిఠాయి డబ్బాలో పెట్టాను. డబ్బా మీద రెండు వైపులా "తెరవకండి" అని రాసింది మావాడు.